మైగ్రేన్‌కు అర్హులు

తీరగాలుల వినియోగ మండలి అనే ఆఫీసు ఒకటి బందరులో ఉందని ఊళ్లో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు అందులో ఉద్యోగం చేసేవాళ్లు, వాళ్లకు టీలు పోసేవాడు. సముద్రం మీదినుంచి ఊరికే వచ్చిపోతున్న గాలిని ప్రజోపయోగానికి మళ్లించాలని ఏనాడో ఒక ప్రభుత్వం సంకల్పించి ఈ మండలిని స్థాపించింది. గాలి ఇప్పటికీ ఊరికే వచ్చి ఊరికే పోతోంది. మండలి అలా కాదు. వచ్చింది, ఉండిపోయింది.

ఆ ఆఫీసులో వకుళ సీనియర్ అసిస్టెంటు. పని తెలిసిన మనిషని పేరు, అందుకే పనంతా ఆమె బల్ల మీదే ఉండేది. ఆమెకు ఒంటితలనొప్పి. ముందు ఎడమకంటి ఎదుట వంకరటింకర మెరుపులు పాకుతాయి. కాసేపటికి ఆ కంటి వెనక మేకు దిగ్గొడుతున్నట్టు నొప్పి మొదలవుతుంది. ఇక వెలుతురు చూడలేదు, చప్పుడు భరించలేదు, పక్కసీటాయన పూసుకొచ్చిన సెంటుకి కడుపులో దేవుతుంది. ఇదంతా చెబితే ఆఫీసులో అందరూ ఒకటే మాట అనేవాళ్లు, తలనొప్పి ఎవరికి లేదు వకుళగారూ అని. ఒకాయన శొంఠి పట్టు వెయ్యమనేవాడు. ఇంకొకాయన తన భార్యే తనకు పెద్ద తలనొప్పి అని చెప్పి, తన జోకుకి తనే నవ్వుకొని వెళ్లేవాడు.

నరాల డాక్టరు రెహనా ఒక్కతే ఆమె చెప్పింది మొత్తం విన్నది. "ఇది ఉట్టి తలనొప్పి కాదమ్మా, నరాల జబ్బు. మైగ్రేన్ అంటాం. పూర్తిగా పోగొట్టలేం గానీ అదుపులో పెట్టుకోవచ్చు. వేళకి తినండి, వేళకి పడుకోండి. ఏది తగిలితే వస్తోందో చూసుకొని దానికి దూరంగా ఉండండి. మెరుపులు కనపడగానే మాత్ర వేసుకొని, చీకట్లో, చప్పుడు లేనిచోట ఓ అరగంట కళ్లు మూసుకోండి. ఆ అరగంట దొరికితే మీ రోజు మీకు మిగులుతుంది. దొరక్కపోతే రోజంతా పోతుంది" అని చెప్పింది.

అలా పోయిన రోజులు చాలానే ఉన్నాయి. సెలవులన్నీ తలనొప్పికే ఖర్చయిపోయాయి. ఇకమీదట మధ్యాహ్నం సీటు వదిలి ఇంటికి వెళితే నిర్బంధ పదవీ విరమణకు పేరు పంపవలసి వస్తుందని పరిపాలనాధికారి కోటిలింగం గారు ఒకసారి మెత్తగా, రెండోసారి గట్టిగా చెప్పారు. ఇంటర్ చదువుతున్న కూతురు, ఈ ఉద్యోగం, ఈ రెండే వకుళకు ఉన్నవి. అందుకని ఆమె బాగా ఆలోచించి డైరెక్టరు గారికి ఒక అర్జీ పెట్టుకుంది. అడిగినవి రెండే. తన సీటు మీద మిణుకుమిణుకుమంటున్న ట్యూబ్‌లైటు తీయించాలి. నొప్పి వచ్చినప్పుడు వెనకవైపు ఖాళీగా పడివున్న స్టోరుగదిలో అరగంట పడుకోనివ్వాలి.

ఆ వేళావిశేషం ఎలాంటిదో గానీ, డైరెక్టరు పుండరీకాక్షం గారు సరిగ్గా అప్పుడే ఊటీలో ఉద్యోగుల శ్రేయస్సు మీద శిక్షణ పొంది వచ్చారు. శ్రేయస్సు మీద ఏదో ఒకటి చెయ్యాలని ఆయన చేతులు దురదపెడుతున్నాయి. చెయ్యడానికి ఒక బాధితుడు కావాలి. అర్జీ చూడగానే వకుళను పిలిపించారు.

"మీ అర్జీ చదివానమ్మా. కళ్లు చెమర్చాయి" అన్నారు, పొడికళ్లతో.

"ట్యూబ్‌లైటు ఒక్కటి తీసేస్తే చాలా మేలవుతుంది సార్."

"మీరు ఒక వ్యక్తిగా ఆలోచిస్తున్నారు. మేం ఒక వ్యవస్థగా ఆలోచించాలి. రాష్ట్రంలోనే మొట్టమొదటి మైగ్రేన్ స్నేహపూర్వక కార్యాలయంగా మన మండలిని తీర్చిదిద్దుతున్నాం. పథకం పేరు తిమిరశాంతి."

వకుళ నివ్వెరపోయి, ఈలోగా ఆ ట్యూబ్‌లైటు సంగతి చూడమని మళ్లీ అడిగింది. పక్కనున్న కోటిలింగం గారు గొంతు సవరించుకున్నారు. "లైటు తీయించడానికి విద్యుత్ విభాగం వారి అనుమతి కావాలండీ. అది మన పరిధిలో లేదు. కొత్తవి పెట్టించడం వరకే మన పరిధి" అన్నారు.

వారం తిరక్కుండా అవగాహన సదస్సు జరిగింది. తలనొప్పికి శబ్దం శత్రువు అని ఒక వక్త రెండు లౌడ్‌స్పీకర్లలో చెప్పాడు. ప్రకాశవంతమైన కాంతి కూడా శత్రువేనని ఇంకొక వక్త, తెర మీద తెల్లటి బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి వేసి చూపించాడు. వేళకి తినడం ముఖ్యమని మూడో వక్త భోజనాల వేళ దాటిపోయేదాకా వివరించాడు. వకుళ ముందు వరసలో కూర్చుంది. కూర్చోబెట్టారు అనాలి. ఆ సాయంత్రం ఆమె గోడ పట్టుకుని ఇల్లు చేరింది.

సదస్సులో పంచిన కరపత్రాన్ని కోటిలింగం గారు శ్రద్ధగా చదివారు. నొప్పికి ముందు కొన్ని సూచనలు కనపడతాయి అనే వాక్యం ఆయనకు బాగా నచ్చింది. ఆ మర్నాడే ఉత్తర్వు వచ్చింది. మైగ్రేన్ వచ్చే ఉద్యోగులు మూడు పనిదినాలు ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి, మంజూరు పొందిన పిమ్మట మాత్రమే నొప్పికి గురికావలసిందిగా ఆదేశించడమైనది.

"సార్, మెరుపులు కనపడిన పావుగంటకే నొప్పి వచ్చేస్తుంది. మూడు రోజుల ముందు నాకెలా తెలుస్తుంది?" అని వకుళ అడిగింది.

"అంటే ముందస్తు సూచన ఉంటుందని మీరే ఒప్పుకుంటున్నారు కదా."

"పావుగంట ముందు సార్."

"ఆ సూచనని కాస్త ముందుకు జరుపుకోవడమే అమ్మా. అది మీ క్రమశిక్షణ మీద ఆధారపడి ఉంటుంది."

వేరే దారిలేక వకుళ ఒక గురువారానికి దరఖాస్తు పెట్టుకుంది. నొప్పి మంగళవారమే వచ్చింది. మంజూరు కాని నొప్పి కాబట్టి సీట్లోనే కూర్చుని భరించింది. గురువారం ఆమె హాయిగా పనిచేసుకుంటుంటే సంజాయిషీ అడిగారు. మంజూరైన మైగ్రేన్‌ను వినియోగించుకోకపోవడం పథకం లక్ష్యాలకు భంగకరమట. ఇలాంటివాళ్ల వల్లే ప్రభుత్వ సదుపాయాలు వృథా అవుతున్నాయని డైరెక్టరు గారు నొచ్చుకున్నారట.

ఈలోగా స్టోరుగదిని చీకటిగదిగా మార్చే పని మొదలైంది. కిటికీలు మూసేశారు. గోడలకు ఆయిల్ పెయింటు వేశారు, దాని ఘాటుకి వకుళ ముక్కుకి కొంగు అడ్డుపెట్టుకుని పనిచేసింది. అంతా అయ్యాక ఆడిటు వారు ఒక అభ్యంతరం లేవనెత్తారు. దీపం లేని గది ప్రభుత్వ భవనంలో ఉండటానికి వీల్లేదు. కనుక నాలుగు ట్యూబ్‌లైట్లు బిగించారు. లోపల ఎవరు పడుకున్నారో రికార్డు కావాలి కాబట్టి కెమెరా పెట్టారు. కెమెరాకి మొహం కనపడాలి కాబట్టి ఇంకో లైటు పెట్టారు. గది ఎక్కడుందో తెలియాలని తలుపు మీద 'చీకటిగది' అనే అక్షరాలను ఎరుపూ పచ్చా రంగుల్లో వెలిగి ఆరే దీపాలతో రాయించారు.

ప్రారంభోత్సవానికి సన్నాయి మేళం వచ్చింది. సాంబ్రాణి వేశారు. వీడియో వాడు రెండు పెద్ద లైట్లు తెచ్చి వేదిక మీదికి తిప్పాడు. ప్రథమ లబ్ధిదారు అని వకుళను కుర్చీలో కూర్చోబెట్టి, లిల్లీపూల దండ వేసి, పన్నీరు చల్లారు. డాక్టరు రెహనా వేటికి దూరంగా ఉండమన్నదో అవన్నీ ఏరి తెచ్చి ఒకచోట పెట్టినట్టుంది. ముఖ్య అతిథి ఇంకా దారిలోనే ఉన్నారనగా ఆమె ఎడమకంటి ఎదుట మెరుపులు మొదలయ్యాయి.

ఆమె లేచి కోటిలింగం గారి దగ్గరికి వెళ్లింది. "వస్తోంది సార్. దయచేసి లోపలికి వెళ్లనివ్వండి."

"రిబ్బను కత్తిరించకుండా ఎలా వెళ్తారండీ. బాగుంటుందా" అన్నారు ఆయన.

"తట్టుకోలేను సార్."

"అయినా ఇవాళ్టికి మీరు దరఖాస్తు పెట్టలేదు కదా."

తలుపు అక్కడే ఉంది, పది అడుగులు వేస్తే చాలు. వకుళ వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది. ముఖ్య అతిథి వచ్చి, దీపం వెలిగించి, చీకటి గొప్పతనం గురించి చాలాసేపు మాట్లాడారు. ఆమెకు కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. ఏడిస్తే నొప్పి పెరుగుతుందని ఆపుకోబోయింది గానీ కన్నీళ్లు ఆగలేదు. మర్నాడు స్థానిక పత్రికలో ఆ ఫోటో వేశారు. కింద 'ఆనందబాష్పాలతో లబ్ధిదారు' అని రాశారు.

చీకటిగదిలో మంచాలు వేశారు, ఏసీ పెట్టారు. దాంతో ఆఫీసులో ఒక విచిత్రం జరిగింది. అప్పటిదాకా వకుళ ఒక్కదానికే ఉన్న జబ్బు అధికారులందరికీ పాకింది. మధ్యాహ్నం భోజనం కాగానే డిప్యూటీ డైరెక్టర్లకు వరసగా మైగ్రేన్ వచ్చేది. ఎండ ముదిరేకొద్దీ వాళ్ల నొప్పీ ముదిరింది. వానపడి వాతావరణం చల్లబడిన రోజున మాత్రం ఒక్కరికీ వచ్చేది కాదు. తలనొప్పి ఉండటం ఒక గౌరవంగా మారింది. ఫలానా ఆయనకు రెండువైపులా వస్తుందట అని జూనియర్లు ఆరాధనగా చెప్పుకునేవాళ్లు.

మంచాలు చాలకపోవడంతో తగవులు వచ్చాయి. తగవులు తీర్చడానికి కమిటీ వేశారు. కమిటీ చాలా లోతుగా పరిశీలించి, అన్ని అనర్థాలకూ మూలం హోదాతో సంబంధం లేకుండా తలనొప్పులు రావడమేనని తేల్చింది. ఆ మేరకు ఉత్తర్వు వెలువడింది. డిప్యూటీ డైరెక్టరు, ఆ పై హోదా గల అధికారులకు మైగ్రేన్. వారు చీకటిగదికి అర్హులు. సూపరింటెండెంట్లకు తీవ్ర తలనొప్పి. వారు తమ గదిలో కిటికీ తెర సగం వరకు వేసుకోవచ్చును. సీనియర్, జూనియర్ అసిస్టెంట్లకు సాధారణ తలనొప్పి. వారు తడి జేబురుమాలు వాడుకోవచ్చును, రుమాలు ఎవరిది వారే తెచ్చుకోవలెను. నాలుగో తరగతి సిబ్బందికి తలబరువు. వారు కుళాయి దగ్గర మొహం కడుక్కోవచ్చును.

ఆ ఉత్తర్వు వచ్చిన కొద్దిరోజులకు వకుళకు మళ్లీ మెరుపులు కనపడ్డాయి. ఉత్తర్వు సంగతి మర్చిపోయి కాదు, ప్రాణం ఊరుకోక చీకటిగది దగ్గరికి వెళ్లింది. తలుపు దగ్గర అటెండరు యేసుదాసు స్టూలు మీద కూర్చున్నాడు.

"లోపల డీడీ గార్లకు మైగ్రేనమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "గురక ఇనపట్టం లేదూ?"

"ఒక్క మూలన కూర్చుంటాను యేసుదాసూ."

"నా చేతుల్లో ఏముందమ్మా. పంపిస్తే నా ఉద్యోగం ఊడుద్ది."

అతన్ని ఇబ్బంది పెట్టడం ఆమెకు ఇష్టం లేకపోయింది. ఒక కన్ను మూసుకుని కోటిలింగం గారి గదికి వెళ్లి, డాక్టరు మైగ్రేన్ అని రాసిచ్చిన కాగితం ఆయన ముందు పెట్టింది.

"డాక్టరు గారు వైద్యపరంగా రాశారు. దాన్ని నేను కాదనను" అన్నారు ఆయన ఎంతో మర్యాదగా. "పరిపాలనాపరంగా మీది సాధారణ తలనొప్పి."

"నాకు వాంతి వచ్చేలా ఉంది సార్."

"చూడండమ్మా, మీరు నిరాశపడకూడదు. వచ్చే ఏడు ప్రమోషను వస్తే తీవ్ర తలనొప్పికి వెళ్తారు. సర్వీసు బాగుంటే ఆ పైన ఇంకోటి వస్తుంది. రిటైరయ్యేలోపు మీరు మైగ్రేన్ అందుకుంటారని నాకు పూర్తి నమ్మకం. ఈలోగా పై హోదా తలనొప్పిని వాడుకోవడం క్రమశిక్షణా చర్యకు దారితీస్తుంది. సాధారణ తలనొప్పికి ఆఫీసు వదిలి వెళితే ఏమవుతుందో ఇదివరకే చెప్పాను."

వకుళ బాత్‌రూములో వాంతి చేసుకుంది. రుమాలు తడుపుకుని వచ్చి సీట్లో కూర్చుంది. సాయంత్రం దాకా ఏ ఫైలు చూసిందో, ఏం రాసిందో ఆమెకు తెలియదు. ఇంత చిన్న సంగతి కోసం ఇంతమంది ముందు ఇన్నిసార్లు దేబిరించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఇక ఎవరినీ అడగకూడదనుకుంది.

తిమిరశాంతి కీర్తి రాజధాని దాకా పాకింది. పథకాన్ని మిగతా శాఖలకు విస్తరించే ముందు స్వయంగా చూడాలని ప్రిన్సిపల్ సెక్రటరీ అపరాజిత గారు వస్తున్నారని కబురు వచ్చింది. ఆఫీసుకి సున్నాలు వేశారు. సన్నాయి మేళాన్ని మళ్లీ పిలిచారు. చీకటిగదిలో దీపాలు ఏ కారణం చేతనూ ఆరిపోకుండా వెనక పెరట్లో జనరేటరు దించి, కరెంటు ఉండగానే దాన్ని నడిపించి చూపించాలని నిర్ణయించారు. వకుళను మళ్లీ పట్టుచీరలో రమ్మన్నారు. మేడమ్ గారు ఏదైనా అడిగితే చాలా బాగుంది అని మాత్రమే చెప్పాలని కోటిలింగం గారు ఆమెతో రెండుసార్లు చెప్పించుకున్నారు.

అపరాజిత గారు నల్లద్దాల కళ్లజోడుతో కారు దిగారు. ఎక్కువ మాట్లాడే మనిషిలా లేరు. బొకేలు ఇస్తే మొహానికి దూరంగా పట్టుకుని వెనకవాళ్లకు ఇచ్చేశారు. పుండరీకాక్షం గారు దారి చూపిస్తూ, వెలిగి ఆరుతున్న ఎరుపు పచ్చ దీపాల కింద ఆవిడను నిలబెట్టి నివేదిక సమర్పించారు.

"మేడమ్, ఈ త్రైమాసికంలో నాన్‌గెజిటెడ్ సిబ్బందిలో ఒక్క మైగ్రేన్ కేసు కూడా నమోదు కాలేదు. ఆ స్థాయిలో జబ్బును సమూలంగా నిర్మూలించాం. ఇదిగో, మన లబ్ధిదారే స్వయంగా చెబుతారు."

అందరూ వకుళ వైపు చూశారు. జనరేటరు దడదడలాడుతోంది, డీజిల్ కంపు లోపలికి కొడుతోంది. వకుళకు ఎడమకంటి ఎదుట మెరుపులు అప్పటికే పాకుతున్నాయి. నిజం చెబితే ఉద్యోగం పోతుంది. బాగుందని చెబితే ఈ ఘోరం రాష్ట్రంలో ప్రతి ఆఫీసుకీ వెళ్తుంది. ఏం చెప్పాలో తెలియక ఆమె సెక్రటరీ మొహంలోకి చూసింది.

ఆవిడ దీపాల వైపు నుంచి మొహం తిప్పుకుని ఉన్నారు. రెండు వేళ్లు కణత మీద, కళ్లజోడు కింద, గట్టిగా నొక్కి పెట్టారు. గుటక వేశారు, వెంటనే ఇంకో గుటక. కడుపులోంచి వచ్చేదాన్ని నలుగురిలో ఆపుకునేవాళ్లు వేసే గుటక అది. వకుళకు బాగా తెలుసు. ఆమె ముందుకు వెళ్లి, నమస్కారం పెడుతున్నట్టు వంగి, నెమ్మదిగా అడిగింది.

"ఎప్పట్నుంచి మేడమ్?"

ఆవిడ వేళ్లు కణత మీదినుంచి తీశారు. "ఉయ్యూరు దాటినప్పట్నుంచి" అన్నారు, పెదవులు కదిలీ కదలకుండా. తర్వాత తలెత్తి అందరికీ వినపడేలా చెప్పారు. "ఈమెతో నేను కాన్ఫిడెన్షియల్‌గా మాట్లాడాలి. నా కార్లో. ఆ జనరేటరు ఆపండి, మేళం ఆపండి. కారు దగ్గరికి ఎవరూ రాకూడదు."

కారుకి నల్లటి తెరలున్నాయి. డ్రైవరు ఏసీ వేసి, దిగి, దూరంగా వెళ్లిపోయాడు. ఇద్దరూ ఎవరి సంచిలోంచి వాళ్లు మాత్ర తీసి, నీళ్ల సీసా ఒకరికొకరు అందించుకున్నారు.

"మీకేం మేడమ్, మీ హోదాకి మంచి గదే ఇస్తారేమో" అంది వకుళ.

"నా హోదాకి అసలు రాకూడదమ్మా" అన్నారు ఆవిడ, కళ్లు మూసుకుని. "తెలిస్తే ఒత్తిడి తట్టుకోలేని మనిషంటారు. ఉన్న శాఖ తీసేస్తారు. సెక్రటేరియట్‌లో అందరికీ సైనస్ అని చెప్పుకుంటాను."

"ఇక్కడ జరిగేది పై వాళ్లకి మీరైనా చెప్పొచ్చు కదా."

"చెప్తే నాకెలా తెలుసంటారు."

ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. వెనక సీట్లో చెరోపక్క తల వాల్చి కూర్చున్నారు.

బయట మాత్రం ఆఫీసంతా వరండాలో నిలబడి ఆ నల్లతెరల వైపే చూస్తోంది. వకుళ ఏ సంగతి బయటపెడుతోందోనని ప్రతివాడూ తన పాత పనులన్నీ గుర్తు చేసుకుంటున్నాడు. సున్నాల కాంట్రాక్టు గుర్తొచ్చినవాడికి చెమట పట్టింది. సన్నాయివాళ్లను గేటు అవతల కూర్చోబెట్టారు. దగ్గొచ్చినవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మండలి పుట్టినప్పటినుంచీ అంత నిశ్శబ్దం ఆ ఆవరణలో ఎవరూ ఎరగరు.

అరగంట తర్వాత అపరాజిత గారు అద్దం దించి, బాగుంది అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయారు. తిమిరశాంతికి రాష్ట్ర పురస్కారం వచ్చింది. అయినా పుండరీకాక్షం గారికి నిద్ర పట్టలేదు.

"ఇంతకీ మేడమ్ గారు ఏం మాట్లాడారమ్మా?" అని వకుళను పిలిచి, కూర్చోబెట్టి, అడిగారు.

పెద్దగా ఏమీ మాట్లాడలేదని చెబుదామని ఆమె నోరు తెరిచింది. నిజం చెబితే ఈ ఆఫీసులో ఏమవుతుందో గుర్తొచ్చి ఆగింది. "కాన్ఫిడెన్షియల్ సార్" అంది.

"మళ్లీ ఏమైనా పని చెప్పారా మీకు?"

"అప్పుడప్పుడూ ఉంటుంది సార్. ఎప్పుడొస్తుందో ముందు తెలీదు. వస్తే ఓ అరగంట."

ఆ పని పది రోజులకు వచ్చింది. మెరుపులు కనపడగానే వకుళ కోటిలింగం గారి గదికి వెళ్లింది. "కాన్ఫిడెన్షియల్ పని ఉంది సార్. డైరెక్టరు గారి కారు కావాలి" అంది. ఆయన లేచి నిలబడి తాళంచెవి చేతికిచ్చారు. దరఖాస్తు ఏదని గానీ, మూడు రోజుల ముందు చెప్పలేదేమని గానీ, హోదా ఏమిటని గానీ అడగలేదు. డ్రైవరు కారును నీడలోకి తీసి, ఏసీ వేసి వెళ్లిపోయాడు.

తెరలు లాక్కొని, మాత్ర మింగి, కళ్లు మూసుకున్నాక వకుళకు మొదట ఏడుపు వచ్చింది. నొప్పి అని ఇన్నేళ్లు చెబితే ఆఫీసులో ఒక్కరూ నమ్మలేదు. రహస్యం అని ఒక్కసారి అంటే అందరూ నమ్మారు. కాసేపటికి కంటి వెనక మేకు వదులైంది, ఆమెకు కునుకు పట్టింది.

బయట యేసుదాసు బకెట్టు చప్పుడు చేస్తూ అటుగా వచ్చాడు. కారుకి కాస్త దూరంలో, ఎండలో నిలబడి కాపలా కాస్తున్న కోటిలింగం గారు నోటి మీద వేలు వేసుకుని అతన్ని ఆపారు.

"నెమ్మదిగా నడవవయ్యా. వకుళ గారు పనిలో ఉన్నారు" అన్నారు.